ఏ చివర, డాక్టర్?

చెప్పిన పని చెయ్యని మనిషితో ఎలా వేగాలో వంశధర్‌కి అర్థం కాలేదు. ఆ మాటే అడుగుదామని పొద్దున్నే రహమతున్నీసా మేడమ్ గది ముందుకొచ్చి నిలబడ్డాడు.

సముద్రపు గాలి తగిలే ఆ ఊళ్ళో పెద్దాసుపత్రి ఒకటుంది. దాన్ని ఆనుకునే మెడికల్ కాలేజీ. కాన్పుల విభాగానికి రహమతున్నీసా మేడమ్ పెద్ద. మనిషి పొట్టి, నడక నెమ్మది, గొంతు ఇంకా నెమ్మది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లు రాష్ట్రమంతా ఉన్నారు. మేడమ్ మీకేం చెప్పారని అడిగితే మాత్రం వాళ్ళలో ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు. "ఆవిడ చెప్పరండీ, చేయిస్తారు" అని నవ్వి ఊరుకుంటారు.

వంశధర్ ఆ ఏడాది అక్కడ హౌస్ సర్జన్. పరీక్షలన్నీ అయిపోయి, పట్టా చేతికి రాబోయే ముందు ఆసుపత్రిలో ఏడాదిపాటు పనిచేసే కుర్రాళ్ళలో ఒకడు. వంశధార ఒడ్డున పల్లె వాళ్ళది, తండ్రి బడిపంతులు. చదువులో వంశధర్‌ని మించినవాడు ఆ బ్యాచ్‌లో లేడు. జబ్బును పసిగట్టడంలో పెద్ద డాక్టర్లు కూడా మెచ్చుకునేవారు. ఎటొచ్చీ తొందర మనిషి. ఒకసారి చెప్పాక ఎవరైనా మళ్ళీ అడిగితే మొహం చిట్లించేవాడు.

అసలు జరిగింది ఇదీ.

ముందురోజు మధ్యాహ్నం, నర్సుల డ్యూటీ మారే వేళ. నెలలు నిండబోతున్న పైడితల్లి అనే అమ్మాయికి బీపీ బాగా పెరిగింది. కాళ్ళు వాచాయి, తలనొప్పి అంటోంది, కళ్ళు మసకలు అంటోంది. అలా ఉన్నవాళ్ళకి వెంటనే మందు మొదలుపెట్టకపోతే ఫిట్స్ వస్తాయి. ఆ సంగతి వంశధర్ ఇట్టే కనిపెట్టాడు. కేస్ షీట్‌లో మందు రాశాడు. అప్పుడే డ్యూటీకి వచ్చిన సిస్టర్ ఎస్తేరుతో, "చివరి బెడ్‌కి బీపీ ఎక్కువుంది సిస్టర్, సూది మొదలుపెట్టండి" అని చెప్పి భోజనానికి వెళ్ళాడు.

అతను తిరిగొచ్చేసరికి పైడితల్లి మంచం మీద కొట్టుకుంటోంది. కళ్ళు పైకి పోయాయి. నోట్లోంచి నెత్తుటి నురగ. నలుగురు పట్టుకున్నా ఆగడం లేదు. సూది మొదలుపెట్టలేదు.

రహమతున్నీసా మేడమ్ పరుగున వచ్చారు. ఆవిడ పరుగెత్తడం వంశధర్ అప్పుడే మొదటిసారి చూశాడు. మందిచ్చి, ఫిట్స్ ఆపి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీ దక్కింది, బిడ్డా దక్కింది. కానీ వెంట్రుకవాసిలో తప్పింది.

అందుకే ఇవాళ పొద్దున్నే మేడమ్ గది ముందు నిలబడ్డాడు.

"మేడమ్, సిస్టర్ ఎస్తేరు మీద కంప్లయింట్ ఇవ్వాలనుకుంటున్నాను."

"కూర్చో."

వంశధర్ కూర్చోలేదు. "నేను స్పష్టంగా చెప్పాను మేడమ్. రాశాను కూడా. అయినా ఆవిడ సూది పెట్టలేదు. ఇంతకంటే నేనేం చెయ్యాలి?"

మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "నువ్వు చెప్పినప్పుడు ఆవిడ ఏమంది?"

"ఎప్పుడు మేడమ్?"

"అప్పుడే. నువ్వు చెప్పగానే."

వంశధర్ గుర్తు తెచ్చుకోబోయాడు. ఎస్తేరు మొహం గుర్తుకు రాలేదు. ఆ మాట అంటూండగానే తను తలుపు వైపు తిరిగాడు. గుమ్మం దాటేటప్పుడు వెనక ఏదో ట్రే చప్పుడైంది. అంతవరకే గుర్తుంది.

"ఏమీ అనలేదు మేడమ్."

"ఊఁ," అన్నారు మేడమ్. కళ్ళజోడు పెట్టుకుని లేచారు. "కంప్లయింటుకేం, తర్వాతైనా ఇవ్వొచ్చు. పైడితల్లి బిడ్డను తల్లి దగ్గరికి పంపమని పిల్లల డాక్టర్లు అన్నారు. నువ్వు తీసుకురా. నేనూ వస్తాను."

అది ఆయాలు చేసే పని. వంశధర్‌కి మనసులో చివుక్కుమంది. పెద్దావిడ చెప్పింది కాబట్టి మారుమాట్లాడకుండా వెళ్ళాడు.

బిడ్డ గుప్పెడంత ఉంది. మెత్తటి గుడ్డలో చుట్టి చేతికిచ్చారు. ఇంతసేపూ కోపంతో బిగుసుకున్న వంశధర్ భుజాలు ఆ బరువు చేతుల్లోకి రాగానే తెలీకుండానే వదులయ్యాయి. అడుగులో అడుగేసుకుంటూ వరండా దాటి వార్డులోకి వచ్చాడు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

పైడితల్లి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం ఇంకా ఉబ్బే ఉంది. ఫిట్స్‌లో పళ్ళు పడి కింది పెదవి చిట్లి, నల్లగా గడ్డకట్టింది. ఒక చేతికి సెలైన్ గొట్టం. పక్కన ఆవిడ తల్లి సూరమ్మ.

"వచ్చీసినాది, వచ్చీసినాది!" అని సూరమ్మ లేచి నిలబడింది. "సూడే పిల్లా, నీ కూతుర్ని సూడు. అచ్చం నీ మొకమేనే."

పైడితల్లి రెండు చేతులూ చాచింది. చేతులు వణుకుతున్నాయి.

వంశధర్ వంగి బిడ్డను ఆమె చేతుల్లో ఉంచాడు. తన అరచెయ్యి మాత్రం బిడ్డ మెడ కిందే ఉంచాడు.

"పట్టుకున్నావా అమ్మా?"

"పట్టుకున్నాను బాబూ."

వంశధర్ ఆమె వేళ్ళు చూశాడు. గుడ్డ అంచునే పట్టుకుని ఉన్నాయి. బిడ్డ బరువు ఇంకా తన చేతిలోనే ఉంది.

"మోచెయ్యి కొంచెం పైకెత్తు. ఆ సూది ఉన్న చెయ్యి కాదు, ఇది. మెడ కింద పెట్టు. అలా. ఇప్పుడు?"

పైడితల్లి ఊపిరి పీల్చుకుంది. మోచేతిని సర్దుకుని బిడ్డను గుండెలకు అదుముకుంది. "ఇప్పుడు దొరికింది బాబూ."

ఆ బరువు తన చేతిలోంచి ఆమె చేతిలోకి పోవడం వంశధర్‌కి తెలిసింది. అప్పుడు నెమ్మదిగా చెయ్యి తీశాడు.

మంచం కాళ్ళ దగ్గర నిలబడి మేడమ్ ఇదంతా చూస్తున్నారు. వంశధర్ పక్కకు రాగానే అతనికి మాత్రమే వినపడేలా అడిగారు.

"ఇచ్చాక కూడా చెయ్యి తియ్యలేదేం?"

"ఆవిడ ఇంకా పట్టుకోలేదు మేడమ్."

"చేతులు చాచింది కదా. పట్టుకున్నానని చెప్పింది కూడా."

"చెప్పింది గానీ, పట్టు కుదరలేదు మేడమ్. చూస్తే తెలుస్తుంది కదా."

"చూశావన్నమాట."

"చూడకుండా ఎలా వదుల్తాం మేడమ్?"

మేడమ్ తలూపారు. తర్వాత ఇంకా గొంతు తగ్గించి అడిగారు.

"నిన్న మధ్యాహ్నం ఎస్తేరు చేతికి ఎవర్నిచ్చావు?"

"ఎవర్నీ ఇవ్వలేదు మేడమ్. నేను చెప్పింది..."

వంశధర్ మంచం వైపు తిరిగాడు.

మంచం మీద పైడితల్లి వంగి బిడ్డ నుదురు ముద్దుపెట్టుకుంటోంది. చిట్లిన పెదవి తగలగానే నొప్పి పుట్టిందేమో, మొహం ముడుచుకుంది. మళ్ళీ నవ్వింది. పెదవి తగలకుండా చెంపను ఆనించింది.

వంశధర్ తల తిప్పి చూసేసరికి మేడమ్ అక్కడ లేరు. పక్క మంచం దగ్గర ఎవరిదో నాడి చూస్తున్నారు.

*

ఎస్తేరు వార్డు పక్కనున్న చిన్న గదిలో కూర్చుని కట్లు కట్టే గాజుగుడ్డ కత్తిరిస్తోంది. నలభై దాటిన మనిషి. ఎప్పుడూ నవ్వుతూ ఏదో ఒక పాట కూనిరాగం తీసే అలవాటు. ఇవాళ ఆ రాగం లేదు. కళ్ళ కింద వాపు ఉంది. గుమ్మంలో వంశధర్‌ని చూడగానే కత్తెర పక్కనపెట్టి లేచి నిలబడింది.

"మెమో ఇస్తున్నారా డాక్టర్?"

"లేదు సిస్టర్. ఒకటి అడుగుదామని వచ్చాను." వంశధర్ ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అతను కూర్చుంటే తప్ప ఆవిడ కూర్చునేలా లేదు. "నిన్న నేను చెప్పినప్పుడు మీకేం వినపడింది?"

ఎస్తేరు అతని మొహంలోకి అనుమానంగా చూసింది. తిట్టడానికి వచ్చాడో, అడగడానికే వచ్చాడో తేల్చుకోలేకపోయింది.

"చివరి బెడ్‌కి బీపీ ఎక్కువుంది, సూది మొదలుపెట్టండి అన్నారు. నేను బాత్రూముల వైపు నిలబడి ఉన్నాను డాక్టర్. చేతిలో ట్రే ఉంది. నేనున్న చివరే అనుకున్నాను. ట్రే దించి వెళ్ళి ఆ బెడ్ మీదున్నావిడకి బీపీ చూశాను. మామూలుగానే ఉంది."

వంశధర్ కళ్ళ ముందు వార్డు మెదిలింది. పొడవాటి హాలు. మధ్యలో తలుపు. ఆ తలుపుకు అటో చివర, ఇటో చివర. తను నిలబడింది కిటికీల వైపు. నెలల తరబడి రోజూ తిరుగుతున్న వార్డులో చివరి బెడ్‌లు రెండున్నాయన్న ఊహ అతనికి ఇప్పటిదాకా రాలేదు.

"కేస్ షీట్?"

"ఆవిడ షీటే తీసి చూశాను. అందులో సూది రాసి లేదు. మీరు రాయడం మర్చిపోయారేమో అనుకున్నాను. బీపీ మామూలుగా ఉన్న మనిషికి సూది ఎలా వెయ్యను డాక్టర్?"

"అనుమానం వచ్చింది కదా. ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది సిస్టర్."

ఎస్తేరు కత్తిరించిన గాజుగుడ్డ ముక్కల్ని ఒకదానిమీద ఒకటి సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది.

"కిందటి వారం అడిగాను డాక్టర్," అంది చివరికి. "మందు ఎన్నిసార్లు ఇవ్వాలో సరిగ్గా వినపడక మళ్ళీ అడిగాను. మీకు తెలుగు రాదా సిస్టర్ అన్నారు మీరు. పేషెంట్లు ఉన్నారు, వాళ్ళ చుట్టాలు ఉన్నారు. అందులో ఒకావిడ మా అత్తగారి ఊరావిడ."

వంశధర్‌కి అదేమీ గుర్తులేదు. ఎంత ఆలోచించినా ఆ రోజు గుర్తుకు రాలేదు. అన్నానని మాత్రం నమ్మకం కలిగింది. అలాంటి మాటలు తను అంటాడు.

"నిన్న ఫోన్ చేతిలోకి తీసుకున్నాను," అంటోంది ఎస్తేరు. "ఏ చివర డాక్టర్ అని అడుగుదామనుకున్నాను. భోజనం దగ్గర ఉంటారు, విసుక్కుంటారు, ఎలాగూ కాసేపట్లో వస్తారు కదా అని పెట్టేశాను. ఇంతలో అటు చివరనుంచి కేక వినపడింది. తిడితే తిట్టారు. నేను అడిగుండాల్సింది. ఆ పిల్లకేమైనా అయ్యుంటే..."

"సిస్టర్," అన్నాడు వంశధర్. "మీరు అడగకుండా చేసింది నేను."

ఎస్తేరు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మాట ఆవిడ ఊహించలేదు.

ఇద్దరూ లేచి వార్డులోకి వెళ్ళారు. తలుపు దగ్గర, సరిగ్గా మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశారు. అటు చివర పైడితల్లి బిడ్డకు పాలు పట్టడానికి అవస్థ పడుతోంది. ఇటు చివర ఇంకెవరో అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఇకమీద నేను ఏం చెప్పినా మంచం పక్కన నిలబడి, పేరు పెట్టి చెబుతాను," అన్నాడు వంశధర్. "మీరు విన్నది నాకు తిరిగి చెప్పండి. అనుమానమొస్తే ఆపండి. ఎంత తొందరలో ఉన్నా సరే."

"మీకు కోపం వస్తుంది డాక్టర్."

"వస్తుంది," ఒప్పుకున్నాడు వంశధర్. "అయినా ఆపండి."

ఎస్తేరు మొహంలో అప్పుడు కొంచెం నవ్వు కనిపించింది. కంప్లయింట్ ఊసు వంశధర్ మళ్ళీ ఎత్తలేదు. మేడమ్ కూడా ఏమైందని అడగలేదు.

*

అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. మొదట్లో ఇద్దరికీ ఎబ్బెట్టుగానే ఉండేది. పది మంచాల పని ముందుంటే ఒక్కో మంచం దగ్గరా నిలబడి చెప్పడం, చెప్పింది తిరిగి వినడం వంశధర్‌కి ప్రాణాల మీదకొచ్చేది. తోటి హౌస్ సర్జన్ మిథున్ అయితే, "ఏరా, సిస్టర్ల చేత పాఠాలు అప్పజెప్పించుకుంటున్నావట!" అని హాస్టలంతా చాటాడు.

మందుల గదిలో ఫార్మసిస్టు గవరయ్యకు, చెప్పింది తిరిగి చెప్పమనేసరికి ఒళ్ళు మండింది. "ఏం సార్, నాకు చెవుడనుకున్నారా?" అన్నాడు మొహాన్నే. వంశధర్ ఆ రోజంతా ఆలోచించాడు. మర్నాడు వెళ్ళి, "గవరయ్యగారూ, నేను గబగబా మాట్లాడతాను. సరిగ్గా చెప్పానో లేదో నాకే తెలీదు. మీకేం అర్థమైందో ఒకసారి చెబితే నా తప్పు నేను దిద్దుకుంటాను," అన్నాడు. గవరయ్య కాసేపు ఎగాదిగా చూశాడు. తర్వాత మందు పేరూ, మోతాదూ, పేషెంటు పేరూ గడగడా చెప్పి, "సరేనా?" అన్నాడు. అప్పట్నుంచి అతనే ఫోన్ పెట్టేముందు, "ఆగండాగండి సార్, నేను విన్నది వినండి" అనడం మొదలుపెట్టాడు.

మధ్యలో ఒకసారి పాత గుణం బయటపడింది కూడా. ఓపీ దగ్గర జనం విరగబడి ఉన్న రోజు ఎస్తేరు ఏదో అడిగితే, "అబ్బా, ఎన్నిసార్లు సిస్టర్!" అని అరిచాడు. ఆవిడ నోరు మూసుకుని వెనక్కి వెళ్ళింది. వంశధర్ ముందున్న పేషెంటును చూశాడు, తర్వాతి పేషెంటును చూశాడు. చీటీ మీద రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. లేచి, అంతమంది మధ్యలోంచి దారి చేసుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఎవరి ఎదుట అరిచాడో వాళ్ళ ఎదుటే, "తప్పైంది సిస్టర్. మీరడిగింది మళ్ళీ అడగండి," అన్నాడు. క్యూలో ఉన్న ముసలావిడ ఒకర్తె, "డాక్టర్లు తప్పని కూడా అంటారా!" అని పక్కావిడతో అంది.

రహమతున్నీసా మేడమ్ అప్పుడు వరండాలోంచి వెళ్తున్నారు. ఆగి చూశారో, చూడకుండానే వెళ్ళారో తెలీదు.

*

వానలు పట్టాయి. ఒక రోజు పొద్దున్నుంచే ముసురు. బస్సులు ఆగిపోయి, చుట్టుపక్కల పల్లెల్లోంచి నొప్పులొచ్చినవాళ్ళు ఆలస్యంగా, ఆటోల్లో తడిసి ముద్దై వస్తున్నారు. అలా వచ్చినవాళ్ళలో లోవకుమారి ఒకర్తె. తొలిచూలు.

ఆమెను చేర్చుకున్నప్పుడు వంశధర్ మంచం పక్కన నిలబడి ఎస్తేరుకు చెప్పాడు. "లోవకుమారి. తొలికాన్పు. నొప్పులు బాగానే వస్తున్నాయి. రక్తం కాస్త తక్కువ. చిన్నప్పట్నుంచీ ఆయాసం ఉంది, ముసురు పడితే ఎక్కువవుతుంది."

ఎస్తేరు తిరిగి చెప్పింది. "లోవకుమారి. తొలికాన్పు. రక్తం తక్కువ. ఆయాసం." మంచం మీదున్న అమ్మాయి కూడా, "అవునండీ, మబ్బేస్తే చాలు, ఊపిరాడదు," అని వంత పాడింది.

మధ్యాహ్నానికి కాన్పు తేలిగ్గానే అయింది. మగపిల్లాడు. ఏడుపు వరండా దాకా వినపడింది. అంతా అయిపోయిందనుకుంటూండగా నెత్తురు మొదలైంది. ఆగాల్సిన నెత్తురు ఆగలేదు. మంచం కింద పెట్టిన బేసిన్ నిండుతోంది. లోవకుమారి మొహం చూస్తూండగానే తెల్లబడిపోయింది.

మేడమ్, మిగతా పెద్ద డాక్టర్లు ఆపరేషన్ థియేటర్లో ఇంకో కాన్పు మీద ఉన్నారు. ఆయాను అటు పరుగెత్తించి, వంశధర్ కడుపు మీద చెయ్యేసి గర్భసంచిని మర్దనా చెయ్యడం మొదలుపెట్టాడు. మెత్తగా, పట్టు లేకుండా ఉంది. అది గట్టిపడితే తప్ప నెత్తురు కట్టదు.

"మిథున్, బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చెయ్. సిస్టర్, ఆక్సిటోసిన్ సెలైన్‌లో కలిపి వదలండి, లోవకుమారికి."

"ఆక్సిటోసిన్, సెలైన్‌లో, వదిలాను."

నెత్తురు తగ్గలేదు. వంశధర్‌కి చెమట కణతల మీదనుంచి కారుతోంది. పుస్తకంలో తర్వాతి మందు కళ్ళ ముందు కనిపించింది. మొహం ఎత్తకుండానే అన్నాడు. "కార్బోప్రాస్ట్ ఒకటి, కండలోకి. తొందరగా!"

"కార్బోప్రాస్ట్ ఒకటి, కండలోకి, లోవకుమారికి..." ఎస్తేరు గొంతు ఆగింది. "ఆగండి డాక్టర్. ఈవిడకి ఆయాసం ఉంది. పొద్దున మీరే చెప్పారు."

ఆ మందు ఆయాసమున్న మనిషికి పడితే ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. వంశధర్‌కి ఆ సంగతి తెలుసు. పొద్దున ఆ ఆయాసం మాట చెప్పింది కూడా తనే. కానీ ఈ నిమిషంలో అతని బుర్రలో నెత్తురు తప్ప ఇంకేమీ లేదు. అతను జారవిడిచిన మాట ఎస్తేరు దగ్గర భద్రంగా ఉంది.

మిథున్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"అవును. అది వద్దు," అన్నాడు వంశధర్. "థాంక్యూ సిస్టర్. మిసోప్రోస్టాల్ మాత్రలు ఇవ్వండి."

"కార్బోప్రాస్ట్ వద్దు. మిసోప్రోస్టాల్ ఇస్తున్నాను."

ఆ తర్వాత వాన చప్పుడూ, పక్క గదిలో పసివాడి ఏడుపూ. ఎస్తేరు నాడి చూసి చెబుతోంది, బీపీ చూసి చెబుతోంది. మిథున్ నెత్తురు సీసాల కోసం వానలోనే పరుగెత్తాడు. వంశధర్ చెయ్యి తియ్యలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. కాసేపటికి ఆ వేళ్ళ కింద ఏదో కదిలినట్టయింది. మెత్తటిది మెల్లగా బిగుసుకుంటోంది. బిగుసుకుని, గట్టి బంతిలా అయింది.

"సిస్టర్, కింద చూడండి."

ఎస్తేరు వంగి చూసింది. "తగ్గింది డాక్టర్." మళ్ళీ చూసింది. "బాగా తగ్గింది."

లోవకుమారి కళ్ళు తెరిచి, "దాహం," అంది.

వంశధర్‌కి అంత మంచి మాట ఎప్పుడూ విన్నట్టు అనిపించలేదు.

రహమతున్నీసా మేడమ్ వచ్చేసరికి మిథున్ తెచ్చిన నెత్తురు ఎక్కుతోంది. థియేటర్ నుంచి సరాసరి వచ్చినట్టున్నారు, తలకు కట్టిన టోపీ కూడా తియ్యలేదు. లోవకుమారి కనురెప్ప లాగి చూశారు. కడుపు మీద చెయ్యి పెట్టి చూశారు. నాడి పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత వంశధర్ వైపు తిరిగారు.

"చెప్పు."

వంశధర్ మొదట్నుంచీ చెప్పాడు. ఏదీ దాచలేదు. "తర్వాత నేను తప్పు సూది అడిగాను మేడమ్. ఆయాసం సంగతి మర్చిపోయాను. సిస్టర్ ఆపారు."

మేడమ్ ఎస్తేరు వైపు చూశారు. "అంత తొందరలో ఉన్న డాక్టర్ని ఆపావు. భయం వెయ్యలేదా అమ్మా?"

ఎస్తేరు నెత్తురు సీసా చుక్కలు లెక్క సరిచూస్తోంది. చెయ్యి ఆపి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"భయమా మేడమ్?" అంది. "ఆ సంగతే గుర్తు రాలేదు."

మేడమ్ గోడ దగ్గరున్న కొళాయి తిప్పి చేతులు కడుక్కున్నారు. తుడుచుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"వంశధర్, విన్నావా?"

"విన్నాను మేడమ్."

"ఏం విన్నావో చెప్పు."

వంశధర్ ఎస్తేరు వైపు చూశాడు. ఆవిడ మళ్ళీ చుక్కల మీద పడి, లోలోపల ఏదో కూనిరాగం తీస్తోంది.

"భయం గుర్తు రాలేదన్నారు మేడమ్."

"ఊఁ. సరిగ్గానే విన్నావు," అని రహమతున్నీసా మేడమ్ నెమ్మదిగా వరండాలోకి నడిచి వెళ్ళిపోయారు.